గ్రూప్ అడ్డంగా సాగుతోంది: సైట్ క్లిక్కులు తిప్పాలా, స్టాక్ కొలతలు సరిచూడాలా?

#1 – కొత్తగురి

10 మీటర్ల ఎయిర్ రైఫిల్, స్టాండింగ్ (నిలబడి కొట్టడం). షూటర్ కుడిచేతివాటం అమ్మాయి, వయసు 13, ఎత్తు 148 సెం.మీ. రైఫిల్ స్టాక్ (బారెల్‌ని మోసే చట్రం) అల్యూమినియంది, బట్ ప్లేట్ (భుజానికి ఆనే పలక), చీక్ పీస్ (చెంప ఆనే దిమ్మ), గ్రిప్ (చేతిపిడి) అన్నీ జరుగుతాయి. ఇంతకుముందు దాన్ని వాడింది బాగా పొడగరి. కొలతలు ఇప్పటికీ అవే ఉన్నాయి.

10 షాట్ల గ్రూప్ (టార్గెట్ మీద పడ్డ రంధ్రాల గుంపు) అడ్డంగా 14 మి.మీ., నిలువుగా 7 మి.మీ. వస్తోంది. రోజూ మొదట్లో సైట్ క్లిక్కులు (గురిని జరిపే మర గీతలు) మార్చాల్సి వస్తోంది, ఓ రోజు 3 ఎడమకి, మర్నాడు 4 కుడికి. 25 షాట్లు దాటేసరికి మెడ నొప్పి, ఆ తర్వాత షాట్లు చెదిరిపోవడం. బిగింపులో పెట్టి కొడితే మాత్రం అదే పెల్లెట్‌తో పదీ ఒకే రంధ్రంలోకి పోతున్నాయి. సైట్ మార్చమని ఒకరు, పెల్లెట్ మార్చమని ఇంకొకరు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

#2 – శిక్షణగది

బిగింపులో ఒకే రంధ్రం పడుతోందంటే బారెల్, పెల్లెట్ రెండింటి తప్పూ లేదు. వాటిమీద డబ్బు పెట్టకండి. సైట్ వదులుగా ఉందేమో పట్టుకుని ఒకసారి కదిపి చూసి, దాన్నీ వదిలేయండి. రోజుకో వైపు క్లిక్కులు, పాతిక షాట్లకే మెడనొప్పి – ఈ రెండూ కలిసి వస్తే దాదాపు ప్రతిసారీ స్టాక్ ఒంటికి కుదరకపోవడమే కారణం.

ముందు ఈ పరీక్ష చేయించండి. జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్ అన్నీ వేసుకోవాలి. రైఫిల్‌లో పెల్లెట్ లేదని చూసుకుని, బారెల్ కొస టార్గెట్ వైపు ఉంచి:

1. మామూలుగా పొజిషన్‌లోకి రానివ్వండి. రైఫిల్ భుజానికి ఆనాక కళ్లు మూసుకోమనండి.
2. తల నిటారుగా పెట్టి, మెడ వదులు చేసి, చెంపని చీక్ పీస్ మీద మెల్లగా వాల్చాలి. వెతకకూడదు, సర్దుకోకూడదు.
3. రెండుసార్లు ఊపిరి తీసి వదిలాక కళ్లు తెరవాలి.

తెరవగానే డయాప్టర్ (కంటి దగ్గరుండే వెనక సైట్) రంధ్రం నడిమధ్యలో ముందు సైట్ గుండ్రంగా కనబడాలి. పైకి, కిందికి, పక్కకి జరిగి కనబడినా, తల కదిపితే తప్ప కనబడకపోయినా, ఆ కదిలించినంత మేరా స్టాక్‌లో తేడా ఉన్నట్టు. అయిదుసార్లు చేయించి ప్రతిసారీ ఏ వైపు తప్పిందో రాసుకోండి. ఒక్కసారి చూసి నిర్ణయానికి రావద్దు.

అలాగే పక్కనుంచి ఒక ఫొటో, వెనకనుంచి ఒకటి తీసి ఇక్కడ పెట్టండి. మొహం కనబడకుండా కత్తిరించి పెడితే చాలు, మెడ, భుజాలు, మోచేతులు తెలిస్తే సరిపోతుంది.

#3 – నల్లచుక్క

శిక్షణగది గారు చెప్పిన దానికి ఒక హెచ్చరిక చేరుస్తాను. అడ్డంగా సాగిన గ్రూప్ అంతా స్టాక్ ఖాతాలో వేయకూడదు. స్టాండింగ్‌లో షూటర్ టార్గెట్‌కి పక్కగా నిలబడతాడు. ఒళ్లు ఊగేది ఎక్కువగా కాలివేళ్ల నుంచి మడమలకి, మడమల నుంచి వేళ్లకి. ఆ ఊపు టార్గెట్ మీద ఎడమ–కుడి కదలికగా పడుతుంది. అందుకే స్టాండింగ్‌లో అందరికీ అడ్డంగా కాస్త ఎక్కువే ఉంటుంది.

కానీ నిలువుకి రెట్టింపు రావడం మామూలు ఊపు కాదు. స్టాక్ పొడవైతే రైఫిల్ బరువంతా ఒంటికి దూరంగా, ముందుకు పోతుంది. దాన్ని నిలబెట్టడానికి నడుము వెనక్కి వంచుతారు, బరువు మడమలమీద పడుతుంది, ఊపు పెరుగుతుంది. అంటే కుదరని స్టాకే ఊపునీ పెంచుతోంది.

ఇక లెక్క ఎంత చిన్నదో చూడండి. 10 మీటర్ల టార్గెట్‌లో వలయానికీ వలయానికీ మధ్య 2.5 మి.మీ. దశాంశాల్లో లెక్కేస్తే 0.1 పాయింటు అంటే 0.25 మి.మీ. పది పాయింట్ల చుక్క వెడల్పే అర మిల్లీమీటరు. తల ఒక్క మిల్లీమీటరు తేడాగా ఆనినా ఆ తేడా కాగితం మీద కనబడే ఆట ఇది.

#4 – స్టాక్‌మేస్త్రి

ఫొటోలు వచ్చేలోపు సర్దుబాటు వరస చెప్పేస్తాను. వరస తప్పితే పొద్దంతా అలెన్ కీ తిప్పుతూనే ఉంటారు, ఎందుకంటే పొడవు మారిస్తే చీక్ పీస్ మారుతుంది, చీక్ పీస్ మారిస్తే కంటి దూరం మారుతుంది.

ముట్టుకునే ముందు ఇప్పుడున్న కొలతలు రాసుకోండి: ట్రిగ్గర్ నుంచి బట్ ప్లేట్ మధ్యకి దూరం, బట్ ప్లేట్ ఎత్తు, చీక్ పీస్ ఎత్తు, చీక్ పీస్ పక్కకి ఎంత ఉంది, డయాప్టర్ రైలు మీద ఎన్నో గాడిలో ఉంది. స్కేలు గీతలు లేకపోతే సన్నటి టేపు అంటించి పెన్సిల్‌తో గీత పెట్టండి. తిరిగి రావడానికి దారి ఉండాలి.

పొడవు. రైఫిల్ భుజానికి ఆనించి, కుడిచెయ్యి గ్రిప్ పట్టుకున్నప్పుడు మణికట్టు వంగకుండా మోచెయ్యి తనంతట తాను కిందికి వేలాడాలి. పొడవు ఎక్కువైతే కుడిభుజం వెనక్కి నెట్టబడుతుంది, తల ముందుకి సాగుతుంది, వేలు కొసతో మాత్రమే ట్రిగ్గర్ అందుతుంది. తక్కువైతే భుజం పైకి ముడుచుకుంటుంది, మొహం డయాప్టర్‌కి అంటుకుపోతుంది, బారెల్ తేలికై ఇట్టే అదురుతుంది. 148 సెం.మీ. పిల్లకి పొడగరి స్టాక్ అంటే ముందు 2 సెం.మీ. తగ్గించి చూడండి. అక్కణ్నుంచి 5 మి.మీ. చొప్పున.

బట్ ప్లేట్ ఎత్తు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. రైఫిల్‌ని భుజంలో పెట్టి తలని దాని దగ్గరికి దించుతారు. చేయాల్సింది తిరగేసి. తల నిటారుగా ఉంచి, రైఫిల్ సైట్‌ని కంటి ఎత్తుకి తెచ్చి, అప్పుడు బట్ ప్లేట్ భుజం గుంటలో ఎక్కడ పడుతుందో అక్కడికి దాన్ని జరపాలి. మెడ పొడుగ్గా ఉన్నవాళ్లకి బట్ ప్లేట్ స్టాక్‌కి బాగా కిందికి దిగుతుంది. అదీ చాలకపోతే ముందు, వెనక సైట్ల కింద సమానమైన ఎత్తు దిమ్మలు వేస్తారు. పై కొస కాలర్‌బోన్ మీద ఎక్కకూడదు, గుండె కొట్టుకోవడం నేరుగా రైఫిల్‌కి ఎక్కుతుంది.

గ్రిప్, ఆ తర్వాతే చీక్ పీస్. చీక్ పీస్ ముందు పెట్టేస్తే మిగతావన్నీ దానికి తగ్గట్టు తప్పుగా సర్దుకుంటాయి.

#5 – కొత్తగురి

కళ్లు మూసి పరీక్ష అయిదుసార్లు చేయించాం. అయిదింటిలో నాలుగుసార్లు ముందు సైట్ కనబడనే లేదు. తల బాగా ముందుకి, కిందికి వంచితేనే కనబడుతోంది. ఒకసారి రంధ్రంలో ఎడమ అంచున కనబడింది.

ఫొటోలు పెట్టాను. ఒక అనుమానం: మోచేతిని 90 డిగ్రీలు మడిచి, ఆ మడతలో బట్ ఆనించి, వేలు ట్రిగ్గర్‌కి అందితే స్టాక్ పొడవు సరిపోయినట్టే అని చాలాచోట్ల విన్నాను. ఆ లెక్కన ఈ స్టాక్ సరిపోతోంది!

#6 – శిక్షణగది

ఆ మోచేతి కొలతని నమ్మకండి. అది చేతి పొడవు చెబుతుంది. మెడ పొడవు, భుజం వెడల్పు, ఛాతీ మందం, చెంప ఎముక ఎత్తు, జాకెట్ మందం – ఇవేవీ దానికి తెలియవు. కొట్టులో రాక్‌మీదున్న నాలుగింటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి పనికొస్తుంది గాని టార్గెట్ రైఫిల్ సర్దుబాటుకి చాలదు. జాకెట్ లేకుండా కొలిచి ఉంటే తేడా ఇంకా పెరుగుతుంది. ఆ కాన్వాసు, తోలు మందం కలిసి భుజం దగ్గర కొంత పొడవు తినేస్తాయి.

పక్కఫొటో చూశాను. మూడు తప్పులు స్పష్టంగా ఉన్నాయి. గడ్డం రైఫిల్ మీదికి సాగి ఉంది, చీక్ పీస్‌కి ఆనింది చెంప ఎముక కాదు, దవడ. కుడిభుజం ఎడమదానికంటే వెనక్కీ పైకీ ఉంది. నడుము బాగా వెనక్కి వంగి ఉంది.

తల బరువు 4.5–5 కిలోలు ఉంటుంది. నిటారుగా ఉంటే ఆ బరువు వెన్నెముకే మోస్తుంది. ముందుకి సాగితే మెడ వెనక కండరాలు మోయాలి. 60 షాట్ల మ్యాచ్‌లో గంటకు పైగా ఇలా నిలబడాలి కదా, పాతిక షాట్లకే ఆ కండరాలు వణకడం మొదలవుతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. లోపలి చెవిలో ఉండే సమతుల్య వ్యవస్థ తల నిటారుగా ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది, వంగిన తలతో ఒళ్లు ఎక్కువ ఊగుతుంది. కళ్లు కూడా కనుబొమల కిందినుంచి పైకి చూడాల్సి వస్తే త్వరగా అలసిపోతాయి.

#7 – ఎడమకన్ను

కంటి సంగతి విడిగా చెప్పాలి. డయాప్టర్ ఉంటే తల ఎక్కడున్నా ఫరవాలేదనే అభిప్రాయం ఉంది. అది సగమే నిజం.

కంటిపాప 3 మి.మీ., డయాప్టర్ రంధ్రం 1.1 మి.మీ. అనుకోండి. కన్ను నడిమధ్య నుంచి అటూ ఇటూ 1 మి.మీ.కి కాస్త తక్కువ జరిగినా రంధ్రం మొత్తం కంటిపాపలోనే ఉంటుంది, గురి మారదు. అంతకుమించి జరిగితే కంటిపాప అంచు రంధ్రంలో ఒక పక్కని మూసేస్తుంది. 0.2 మి.మీ. మూసిందంటే మిగిలిన రంధ్రం మధ్యభాగం 0.1 మి.మీ. జరిగినట్టే. డయాప్టర్‌కీ ముందు సైట్‌కీ మధ్య 78 సెం.మీ. ఉంటే ఆ 0.1 మి.మీ. 10 మీటర్ల దగ్గర దాదాపు 1.3 మి.మీ. అవుతుంది. అర వలయం! షూటర్‌కి మాత్రం గురి చక్కగానే కనబడుతుంది. కొద్దిగా మసకబారినట్టుంటుంది, అంతే.

కాబట్టి చీక్ పీస్ పని కంటిని ఆ ఒక్క మిల్లీమీటరు లోపలికి, ప్రతి షాట్‌కీ, ప్రయత్నం లేకుండా తీసుకురావడం. ఎత్తుని 1 మి.మీ. చొప్పున మార్చండి. పక్క సర్దుబాటు కూడా మరిచిపోవద్దు. కుడిచేతివాటం వాళ్లకి చీక్ పీస్ మరీ మందంగా బయటికి ఉంటే కన్ను ఎడమకి ఉండిపోతుంది. అప్పుడు చెంపతో రైఫిల్‌ని నొక్కుతారు. ఆ నొక్కుడు షాట్ షాట్‌కీ మారుతుంది, పెల్లెట్ బారెల్‌లో ఉండగానే రైఫిల్ కుడికి జరుగుతుంది. మీ గ్రూప్ అడ్డంగా సాగడానికి ఇదొక గట్టి కారణం అయ్యుంటుంది.

కంటి నుంచి డయాప్టర్‌కి దూరం 5 నుంచి 8 సెం.మీ. మధ్య మొదలుపెట్టండి. రబ్బరు కప్పు కనుబొమకి తగలకూడదు. కన్ను మరీ వెనక్కి ఉంటే రంధ్రంలో ముందు సైట్ చుట్టూ వెలుగు సన్నబడుతుంది. తల ముందుకి వంచే అలవాటు పోయాక డయాప్టర్‌ని రైలు మీద వెనక్కి జరపాల్సి వస్తుంది. దాన్ని చివర్లో చేయండి, తలని దాని దగ్గరికి పంపకండి.

ముఖ్యమైన ప్రశ్న: ఆ అమ్మాయికి ఏ కన్ను బలమైనది? రెండు చేతులూ చాపి, అరచేతుల మధ్య చిన్న సందులోంచి దూరంగా ఉన్న ఓ వస్తువుని రెండు కళ్లతో చూడమనండి. ఒక్కో కన్ను మూయించండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు సందులో ఉండిపోతుందో అది బలమైన కన్ను. ఎడమదైతే ఎంత సర్దినా మెడ ఆ వైపే లాగుతుంది.

#8 – కొత్తగురి

కుడికన్నే బలమైనది, చూశాం. ఎడమకన్ను మాత్రం గట్టిగా మూసుకుంటోంది.

#9 – ఎడమకన్ను

మూయనివ్వకండి. మూస్తే చెంప కండరం బిగుస్తుంది, కుడికన్ను కూడా సగం ముడుచుకుంటుంది. పాలరంగు పలుచటి ప్లాస్టిక్ ముక్క డయాప్టర్‌కి తగిలించి ఎడమకన్ను ముందు ఉంచండి. నల్లది వద్దు. ఎడమకన్ను చీకట్లో ఉంటే రెండు కంటిపాపలూ కలిసే పెద్దవవుతాయి, కుడికంటి గురి మసకబారుతుంది.

#10 – వేలికొస

గ్రిప్ గురించి ఎవరూ వివరంగా రాయలేదు. అడ్డం గ్రూప్‌కి నా ఓటు ముందు ఇక్కడే.

వేలి మొదటి కణుపు మెత్తటి భాగం మధ్యలో ట్రిగ్గర్ ఉండాలి. రెండో కణుపు దగ్గర వేలు ఇంచుమించు లంబకోణంలో వంగాలి. అప్పుడే లాగుడు నేరుగా వెనక్కి, బారెల్‌కి సమాంతరంగా వస్తుంది. చిన్నచేతికి పెద్ద గ్రిప్ ఇస్తే వేలు కొసే అందుతుంది, లాగుడు పక్కకి తోపుగా మారుతుంది. ట్రిగ్గర్ బ్లేడ్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది కాబట్టి మొదట దాన్ని పూర్తిగా వెనక్కి తెచ్చి చూడండి. చాలకపోతే గ్రిప్‌ని ట్రిగ్గర్ వైపు జరపాలి. అదీ చాలకపోతే చిన్న సైజు గ్రిప్ వేయాలి. వేలు పక్కభాగం స్టాక్‌కి ఎక్కడా రాసుకోకూడదు, ఒక కాగితం ముక్క మధ్యలోంచి పోవాలి.

గ్రిప్ కోణం కూడా చూడండి. చెయ్యి పట్టుకున్నాక మణికట్టు మీద ముడతలు పడితే కోణం తప్పు. చూడటానికి చిన్న విషయమే గాని, బిగుసుకున్న మణికట్టు నుంచి వేలు విడిగా కదలదు, చెయ్యంతా కలిసి కదులుతుంది.

పొరపాటు ఎక్కడుందో తేల్చడానికి: డ్రై ఫైరింగ్‌లో, అంటే పెల్లెట్ లేకుండా రైఫిల్‌లోని డ్రై ఫైర్ ఏర్పాటుతో, ట్రిగ్గర్ పడే క్షణంలో ముందు సైట్‌ని చూడమనండి. ప్రతిసారీ ఒకే వైపు చిన్నగా ఎగిరితే వేలు లేదా గ్రిప్. ఒక్కోసారి ఒక్కో వైపైతే చెంప, భుజం.

#11 – నల్లచుక్క

వెనకఫొటోలో రైఫిల్ తలవైపు వాలి ఉంది. చాలామంది ఆ వాలుని తప్పుగా చూసి నిటారు చేయిస్తారు. చేయించవద్దు. రైఫిల్ కొద్దిగా తలవైపు వాలితే తల నిటారుగా ఉంటుంది, మంచిదే. కావాల్సింది ఆ వాలు ప్రతి షాట్‌కీ ఒకేలా ఉండటం.

వాలు మారితే ఎంత పోతుందో లెక్క వేద్దాం. పెల్లెట్ వేగం సెకనుకి 170 మీటర్లు అనుకుంటే 10 మీటర్లకి దాదాపు 0.06 సెకను పడుతుంది. ఆ లోపు 18 మి.మీ. కిందికి పడుతుంది. ఆ పతనాన్ని సైట్ సర్దుబాటు పూడుస్తుంది. వాలు 1 డిగ్రీ మారితే పక్కకి 18 మి.మీ.లో 1.7 శాతం, అంటే 0.3 మి.మీ. పోతుంది. దశాంశాల్లో ఒకటి పోయినట్టే. 5 డిగ్రీలు మారితే 1.5 మి.మీ., ఆరు దశాంశాలు. కుడికి వాలితే షాట్ కుడికి పోతుంది, కిందికి పోయేది లెక్కలోకి రానంత.

బట్ ప్లేట్ కోణం రైఫిల్ వాలుకి తగ్గట్టు తిప్పుకోండి. చాలా బట్ ప్లేట్లు నిలువు అక్షం చుట్టూ, పక్కకీ తిరుగుతాయి. ప్లేట్ మొత్తం భుజానికి ఆనాలి. పై కొసో కింది కొసో మాత్రమే తగులుతుంటే రైఫిల్ ప్రతిసారీ ఒక్కో వాలులో కూర్చుంటుంది.

#12 – స్టాక్‌మేస్త్రి

> సైట్ల కింద సమానమైన ఎత్తు దిమ్మలు వేస్తారు

ఇది నేనే రాశాను, దీనిమీద ప్రైవేటుగా ఒక ప్రశ్న వచ్చింది: ఎత్తు దిమ్మలు వేస్తే వాలు వల్ల వచ్చే తప్పు పెరుగుతుంది కదా అని. పెరగదు. నల్లచుక్క గారి లెక్క చూడండి, అందులో సైట్ ఎత్తు ఎక్కడా లేదు. జీరో చేసిన (సైట్ సరిపెట్టిన) దూరం దగ్గర పక్కకి పోయేది పెల్లెట్ పతనాన్ని బట్టే. దిమ్మలు తలని నిటారుగా ఉంచుతాయి, మెడకి మేలు. అయితే పోటీలకి వాడే ముందు రూల్ బుక్‌లో ఎత్తు హద్దు చూసుకోవాలి. ఎయిర్ రైఫిల్ మొత్తం బరువు సైట్లతో కలిపి 5.5 కిలోలు మించకూడదన్నదీ గుర్తుంచుకోండి. దిమ్మలు, బరువు కడ్డీలు వేస్తూ పోతే తెలియకుండా దాటిపోతారు. 13 ఏళ్ల పిల్లకి అంత బరువు అసలు వద్దు, అనవసరపు బరువులన్నీ తీసేయండి. ముందు కడ్డీతో మొదలుపెట్టండి.

#13 – మూడుపొజిషన్లు

ప్రోన్ (బోర్లా పడుకుని), నీలింగ్ (మోకాలి మీద కూర్చుని) చేసేవాళ్లకి రెండు మాటలు. స్టాండింగ్‌కి సరిపోయిన సెట్టింగ్ ప్రోన్‌కి పనికిరాదు. స్టాండింగ్‌లో బట్ ప్లేట్ బాగా కిందికి దిగుతుంది, ప్రోన్‌లో పైకి వస్తుంది. తల ముందుకి వస్తుంది కాబట్టి డయాప్టర్, చీక్ పీస్ రెండూ మారాలి. మూడు పొజిషన్లకీ మూడు వరసల అంకెలు రాసిన కార్డు రైఫిల్ పెట్టెలో ఉండాలి. మ్యాచ్ మధ్యలో పొజిషన్ మార్చేటప్పుడు జ్ఞాపకం మీద ఆధారపడితే ఒక గీత తేడా తప్పకుండా వస్తుంది.

ప్రోన్‌లో గ్రూప్ నిలువుగా సాగితే ముందు బట్ ప్లేట్ చూడండి. భుజంలో ప్రతిసారీ ఒకే ఎత్తున పడుతోందా, ప్రతి షాట్‌కీ రైఫిల్ దించి ఎత్తేటప్పుడు జారుతోందా? ముందు సైట్ గుండె కొట్టుకున్నట్టు లయగా ఎగురుతుంటే స్లింగ్ (చేతికి చుట్టి రైఫిల్‌కి తగిలించే పట్టీ) చేతి రక్తనాళం మీద ఉంది. కాస్త పైకో పక్కకో తిప్పితే ఆగుతుంది, మరీ బిగించినా ఇదే వస్తుంది. హ్యాండ్ స్టాప్ (ముందుచెయ్యి ఆనే అడ్డు) ముందుకి జరిపితే రైఫిల్ కిందికి దిగుతుంది. ముంజేతికీ నేలకీ మధ్య కోణం 30 డిగ్రీల కంటే తగ్గకూడదనేది నియమం, దాన్ని దాటకుండా చూసుకోండి.

#14 – చెక్కస్టాక్

మా రైఫిల్ పాత చెక్కస్టాక్‌ది, ఏదీ జరగదు, పైగా టెలిస్కోప్ ఉంది. ఇవన్నీ మాకెలా?

#15 – స్టాక్‌మేస్త్రి

చెక్కస్టాక్‌కీ ఇదే పద్ధతి, పనిముట్లు వేరు. టెలిస్కోప్ మామూలు సైట్ కంటే ఎత్తులో ఉంటుంది. అందుకే చెంప స్టాక్‌మీద ఆనక, గడ్డం ఆని, తల గాల్లో తేలుతుంది. గట్టి ఫోమ్ ముక్కని స్టాక్ పైభాగాన పెట్టి బట్ట టేపుతో చుట్టండి. కళ్లు మూసి తెరిచినప్పుడు టెలిస్కోప్‌లో నల్లనీడ లేకుండా పూర్తి వృత్తం కనబడేదాకా 2–3 మి.మీ. చొప్పున పెంచండి. ఎత్తు తేలాక దాన్నే చెక్కతోనో తోలుతోనో శాశ్వతంగా చేయించుకోవచ్చు. బోల్ట్ రైఫిల్ అయితే టేపు చుట్టే ముందు బోల్ట్ పూర్తిగా వెనక్కి వస్తోందా చూడండి.

పొడవు తక్కువైతే బట్ ప్లేట్ కింద పలుచటి పలకలు వేసి పొడుగు మరలు బిగించాలి. ఎక్కువైతే కోయాలి. ముందు ఒకరిచేత సరైన పొడవు తేల్చుకుని, దానికంటే 1 సెం.మీ. ఎక్కువ వదిలి కోయండి. కోసిన చెక్క తిరిగి రాదు, పలకలతో పెంచడం ఎప్పుడైనా అవుతుంది.

టెలిస్కోప్‌లో ఇంకో మెలిక ఉంది. 40 మి.మీ. ముందు కటకం ఉండి, పారలాక్స్ (కన్ను జరిగితే గురి జరిగినట్టు కనబడే తేడా) 100 మీటర్లకి స్థిరంగా పెట్టినదాన్ని 10 మీటర్ల మీద వాడితే, కన్ను అంచుకి జరిగినప్పుడు గురి 18 మి.మీ. దాకా తప్పొచ్చు. దూరానికి తగ్గట్టు పారలాక్స్ మార్చుకునేది లేకపోతే చెంప ఆనే చోటే మీకు దిక్కు.

#16 – కొత్తగురి

చేసినవి రాస్తున్నాను. పొడవు 25 మి.మీ. తగ్గించాం. బట్ ప్లేట్ 15 మి.మీ. కిందికి దించాం, కొద్దిగా పక్కకి తిప్పాం. ట్రిగ్గర్ బ్లేడ్ పూర్తిగా వెనక్కి, గ్రిప్ చిన్నది వేశాం. చీక్ పీస్ 6 మి.మీ. పైకి, 3 మి.మీ. లోపలికి. డయాప్టర్ రెండు గాళ్లు వెనక్కి. ముందు బరువులు తీసేశాం.

కళ్లు మూసి పరీక్షలో ఇప్పుడు అయిదింటిలో నాలుగుసార్లు ముందు సైట్ మధ్యలో ఉంది. 40 షాట్లు కొట్టినా మెడనొప్పి లేదు. 10 షాట్ల గ్రూప్ అడ్డంగా 9, నిలువుగా 7 మి.మీ.

కానీ గ్రూప్ మొత్తం 4 మి.మీ. పైకి, 2 మి.మీ. ఎడమకి పోయింది. ఎక్కడో తప్పు చేశామా?

#17 – శిక్షణగది

తప్పు కాదు. కన్ను డయాప్టర్ వెనక కొత్తచోట ఉంది, చెంప నొక్కుడు మారింది, పెల్లెట్ బారెల్ వదిలేలోపు రైఫిల్ వెనక్కి తన్నే తీరు మారింది. జీరో మారకపోతేనే ఆశ్చర్యపోవాలి. అయితే ఇప్పుడే క్లిక్కులు తిప్పొద్దు. ఒళ్లు కొత్త కొలతలకి అలవాటు పడటానికి మూడు నాలుగు సెషన్లు పడుతుంది, ఈ లోపు గ్రూప్ మధ్యభాగం ఇంకా జరుగుతుంది. ఒక్కో సెషన్‌లో 30 షాట్ల గ్రూప్ మధ్యభాగం రాసుకోండి. వరసగా రెండు సెషన్లు ఒకేచోట ఉంటే అప్పుడు తిప్పండి.

అయిదోసారి తప్పిన పరీక్ష ఏ వైపు తప్పింది?

#18 – కొత్తగురి

కుడికి. రైఫిల్ మొత్తం టార్గెట్‌కి కుడివైపు చూస్తోంది, డయాప్టర్‌లో మాత్రం ముందు సైట్ మధ్యలోనే ఉంది.

#19 – శిక్షణగది

అయితే అది స్టాక్ కాదు, పాదాలు. సైట్లు ఒకదానితో ఒకటి సరిగ్గా ఉండి, మొత్తం గురి పక్కకి ఉంటే నిలబడిన దిక్కు తప్పు. చేతులతో రైఫిల్‌ని లాక్కురానివ్వకండి. ఎడమపాదం అక్కడే ఉంచి కుడిపాదాన్ని ఒకటి రెండు సెం.మీ. జరిపించి, మళ్లీ కళ్లు మూయించండి. గురి కుడికి పోతోంది కాబట్టి కుడిచేతివాటం షూటర్ కుడిపాదాన్ని తన ఛాతీ వైపు జరపాలి, ఒళ్లంతా కలిసి ఎడమకి తిరుగుతుంది. సరిపోయాక పాదాల చుట్టూ నేలమీద సుద్దతో గీత గీయండి.

#20 – స్టాక్‌మేస్త్రి

రైఫిల్ ఇంకెవరైనా వాడుతుంటే ఈ కొలతలన్నీ ఇవాళే రాసి పెట్టెలో అంటించండి. ఇద్దరికీ రెండు రంగుల టేపు గీతలు పెడితే పొరపడరు. స్టాక్‌నీ యాక్షన్‌నీ (బారెల్, ట్రిగ్గర్ ఉండే లోహభాగం) కలిపే మరలు తయారీదారు చెప్పిన బిగువుకే టార్క్ రెంచితో బిగించండి. చేతి అంచనాతో ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ బిగిస్తే గ్రూప్ దానంతటదే జరుగుతుంది, మళ్లీ చెంపని అనుమానిస్తారు.

పదమూడేళ్ల వయసు కదా, ఎత్తు త్వరగా పెరుగుతుంది. మూడు నెలలకోసారి కళ్లు మూసి పరీక్ష చేయించి, పొడవు, చీక్ పీస్ ఎత్తు తేదీతో సహా రాయండి. పొడవు 5 మి.మీ. పెంచినప్పుడల్లా డయాప్టర్ దూరం కూడా చూసుకోండి.

#21 – కొత్తగురి

కుడిపాదం 2 సెం.మీ. ఛాతీ వైపు జరిపించాం, ఇప్పుడు అయిదింటికి అయిదూ మధ్యలోనే. సుద్ద గీత గీశాం. క్లిక్కులు ముట్టుకోలేదు. మూడు సెషన్ల మధ్యభాగాలు ఇక్కడే రాస్తాను.